యమషిత ఎదుట నిలబడినవాళ్లు

“ఎవరెస్టు ఎక్కాను కానీ, ఫుజి కొండ ఎక్కలేకపోయాను.”

జపాన్ జూడో అభిమానుల నోట ఇప్పటికీ నలిగే మాట ఇది. అన్నది హితోషి సైతో, ఒలింపిక్ స్వర్ణం మెడలో వేసుకున్న ఆటగాడు. ఎవరెస్టు అంటే ఒలింపిక్స్, ప్రపంచ చాంపియన్‌షిప్. ఫుజి అంటే ఏటా ఏప్రిల్ 29న టోక్యోలోని నిప్పోన్ బుడోకాన్‌లో జరిగే ఆల్ జపాన్ చాంపియన్‌షిప్. ఊళ్లన్నీ గెలిచి ఇంటి ముందున్న కొండ ఎక్కలేకపోవడం ఏమిటని అడిగితే, ఆ కొండ మీద అప్పటికే ఒకడు కూర్చుని ఉన్నాడు. తొమ్మిదేళ్లు అక్కణ్నుంచి కదల్లేదు. అతని పేరు యసుహిరో యమషిత.

యమషిత రికార్డు చదువుతుంటే ఎక్కడో అచ్చుతప్పు పడిందేమో అనిపిస్తుంది. 1977 నుంచి 1985 దాకా వరసగా తొమ్మిదిసార్లు ఆల్ జపాన్ చాంపియన్. ప్రపంచ చాంపియన్‌షిప్‌లలో నాలుగు స్వర్ణాలు: 1979లో పారిస్‌లో ఒకటి, 1981లో నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో రెండు, 1983లో మాస్కోలో ఒకటి. 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో ఇంకొకటి. విదేశీ ఆటగాడి చేతిలో కెరీర్ మొత్తంలో ఒక్కసారి కూడా ఓడలేదు. వీటన్నిటికీ మించి అందరూ చెప్పుకునేది 203 వరస గెలుపులు. 1977 అక్టోబరులో మొదలైన ఆ వరస 1985లో రిటైరయ్యేదాకా తెగలేదు.

ఆ 203 దగ్గర చిన్న మెలిక ఉంది. మధ్యలో ఏడు డ్రాలున్నాయి. డ్రా వస్తే వరస తెగినట్టు కాదన్నది అప్పటి లెక్క. కాబట్టి “వరసగా 203 గెలుపులు” అనేకంటే “దాదాపు ఎనిమిదేళ్లపాటు ఓటమి లేదు” అనడం ఎక్కువ కచ్చితం. దీనివల్ల గొప్పతనం వీసమెత్తు తగ్గదు. కానీ ఆ ఏడు డ్రాలలో ఒకదాని వెనక విరిగిన ఎముక ఉంది, దేశం చేజార్చుకున్న ఒలింపిక్స్ ఉన్నాయి. అంకె మాత్రమే చూసి పక్కకు పోతే అవి కనిపించవు.

అసలు ఓడనివాడి కథలో ఒక ఇబ్బంది ఉంటుంది. గెలిచాడు, మళ్లీ గెలిచాడు, మళ్లీ గెలిచాడు. కథ ముందుకు నడవదు. యమషిత కథ నడిచేది అతని ఎదుట నిలబడినవాళ్ల వల్ల. ఒకరు వేసిన ఎత్తుకు అతని కాలు విరిగింది. ఇంకొకరు అతను కుంటుతున్నప్పుడు ఎదురుపడ్డారు. మరొకరు యౌవనమంతా అతన్ని పడగొట్టాలనే ప్రయత్నంలోనే గడిపారు. వాళ్ల వైపు నుంచి చూస్తేనే యమషిత ఎలాంటి ఆటగాడో, ఆట మానేశాక అతను చేసిన పనులకు అర్థమేమిటో తెలుస్తుంది.

యమషిత 1957 జూన్ 1న క్యుషు దీవిలోని కుమమోతో ప్రాంతంలో, కొండల మధ్య ఉన్న చిన్న ఊళ్లో పుట్టాడు. మసహికో కిమురా లాంటి దిగ్గజం పుట్టింది కూడా కుమమోతోలోనే కాబట్టి అక్కడ జూడోకు మట్టిలోనే బలముంది. యమషిత చిన్నప్పుడే భారీ మనిషి, పైగా మహా అల్లరి. అతనికి భయపడి తోటి పిల్లాడొకడు బడికి రావడం మానేశాడని తర్వాత్తర్వాత అతనే చెప్పుకున్నాడు. ఈ పిల్లాడి బలాన్ని ఒక దారిలో పెట్టాలని ఇంట్లోవాళ్లు జూడోలో వేశారు. హైస్కూల్లో ఉండగా కుమమోతో వదిలి తోకై విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్న సగామి హైస్కూలుకు మారాడు. తోకై స్థాపకుడు షిగేయోషి మత్సుమాయె కూడా కుమమోతో మనిషే. 1979 నుంచి 1987 దాకా అంతర్జాతీయ జూడో సమాఖ్య అధ్యక్షుడు కూడా ఆయనే. ఆ రోజుల్లో జపాన్‌లో జూడో కుర్రాడు పైకి రావాలంటే వెనక ఒక విశ్వవిద్యాలయం అండ ఉండాలి. యమషితకు గట్టి అండే దొరికింది.

అంతకంటే గట్టి అదృష్టం కోచ్ నొబుయుకి సాతో. రెండుసార్లు ప్రపంచ చాంపియన్ అయిన సాతో ప్రత్యేకత నే-వాజా, అంటే కిందపడ్డాక నేల మీద చేసే పోరు. జూడో అనగానే మనవాళ్ల కళ్ల ముందు మెదిలేది మనిషిని గాల్లోకి లేపి పడేసే దృశ్యం. ఆ పడేయడంతోనే ఆట తేలకపోతే, తర్వాత చాప మీద జరిగేది వేరే యుద్ధం. అదిమిపట్టడం, మెడ బిగించడం, మోచేతిని మెలిపెట్టడం. చాలామంది హెవీవెయిట్‌లకు ఇక్కడ ఓపిక ఉండదు, పడేస్తే పడేయాలి లేదా లేచి నిలబడాలి. యమషితకు సాతో నేర్పింది పడేయడానికీ అదమడానికీ మధ్య సందు లేకుండా చేయడం. ఎదుటివాడు పడుతున్నప్పుడే వెంట పడి, వీపు చాపకు తగిలేసరికే పైన ఉండాలి. ఈ చదువు లాస్ ఏంజెలిస్‌లో ఎలా అక్కరకొచ్చిందో కాసేపట్లో చూద్దాం.

యమషిత ఎడమచేతి వాటం. ఎత్తు 180 సెంటీమీటర్లు, బరువు 125 కిలోలకు పైమాటే. చూడ్డానికి నింపాదిగా, గుండ్రంగా ఉంటాడు. అతనికి బాగా పట్టుబడిన ఎత్తు ఓసోటో గారి. ఆ పేరులోని ‘గారి’ అంటే కోత, కొడవలితో గడ్డి కోసే కోత. ఎదుటివాడి కాలరూ చేతిగుడ్డా పట్టి వెనక్కి ఒరగదీసి, బరువంతా ఒక కాలి మీదకు వచ్చిన క్షణంలో ఆ కాలిని వెనక నుంచి మొదలంటా కోసేసినట్టు ఎగరగొట్టడం. చెప్పడానికి సులువే. చేసేవాడికి మాత్రం నిలబడ్డ కాలు స్తంభంలా ఉండాలి. ఎడమచేతి వాటం కాబట్టి యమషిత కోసే కాలు ఎడమది, నిలబడే కాలు కుడిది. కుడి కాలు పోతే మొత్తం పోయినట్టే. ఇక అతని పట్టు సంగతి చెప్పాలంటే తెలుగులో ఉన్న ఒకే మాట ఉడుంపట్టు. ఒకసారి కాలరు అతని చేతికి చిక్కాక ఎదుటివాడి ఆట సగం అయిపోయినట్టే.

1977లో 19 ఏళ్ల వయసులో యమషిత మొదటిసారి ఆల్ జపాన్ గెలిచాడు. ఈ పోటీలో బరువు తరగతులు ఉండవు. 70 కిలోలవాడు 130 కిలోలవాడికి ఎదురుపడొచ్చు. జూడో స్థాపకుడు జిగోరో కానో 1882లో కోడోకాన్ అనే జూడో బడి పెట్టినప్పటి నుంచీ ఈ ఆట చెప్పుకునే గొప్ప ఇదే కదా, ఒడుపు తెలిసినవాడికి బరువు అడ్డం కాదని. అందుకే జపాన్‌వాళ్లకు ఒలింపిక్ పతకంతో సమానంగా, కొందరికైతే అంతకంటే ఎక్కువగా, ఈ టైటిల్ మీద మమకారం. ఒలింపిక్స్‌లో బరువుతో పనిలేని ఓపెన్ విభాగం దాని అంతర్జాతీయ రూపం. సరిగ్గా అక్కడే జపాన్‌కు పెద్ద దెబ్బ తగిలింది. 1964లో జూడో తొలిసారి ఒలింపిక్స్‌లోకి వచ్చింది, అదీ టోక్యోలోనే. ఓపెన్ ఫైనల్లో నెదర్లాండ్స్‌కు చెందిన ఆంటన్ గీసింక్ సొంత జనం ముందే అకియో కమినాగను అదిమిపట్టి గెలిచాడు. బుడోకాన్ నిశ్శబ్దమైపోయింది. జూడో ఇక జపాన్ సొత్తు కాదని ఆ రోజు తేలింది. 1976లో మాంట్రియల్‌లో హరుకి ఉఎమురా ఓపెన్ స్వర్ణం తెచ్చినా ఆ పాత గాయం పూర్తిగా మానలేదు. గీసింక్‌లాంటివాడు ఎంతమంది వచ్చినా నిలబడగల మనిషి కావాలి. 1970ల చివర్లో అలాంటివాడు దొరికాడని దేశం మొత్తం ఊపిరి పీల్చుకుంది.

ఇక 1980. మాస్కో ఒలింపిక్స్ నాటికి యమషితకు 23 ఏళ్లు, ఆట శిఖరాన ఉంది. అఫ్గానిస్థాన్ మీద సోవియట్ దాడికి నిరసనగా అమెరికా బహిష్కరణ పిలుపిచ్చింది, జపాన్ ప్రభుత్వం దాని వెంట నడిచింది. ఏప్రిల్‌లో టోక్యోలో ఆటగాళ్లూ కోచ్‌లూ సమావేశమై తమను పంపమని వేడుకున్నారు. కుస్తీ చాంపియన్ యుజి తకాదా అందరి ముందూ వెక్కివెక్కి ఏడ్చాడు. యమషిత కూడా లేచి తన గోడు చెప్పుకున్నాడు. ఫలితం లేదు. మే 24న జపాన్ ఒలింపిక్ కమిటీ 29-13 ఓట్లతో వెళ్లకూడదని తీర్మానించింది.

ఆ మర్నాడే ఫుకువోకలో బరువు తరగతుల జాతీయ పోటీ. వెళ్లని ఒలింపిక్స్‌కు జట్టును ఎంపిక చేసే పోటీ అది, అంతకంటే విచిత్రం ఏముంటుంది? యమషిత ఎదుట సుమియో ఎండో. అనామకుడేమీ కాదు. 1975లో హెవీవెయిట్, 1979లో ఓపెన్ ప్రపంచ చాంపియన్. ఎండో ఆ రోజు కని బసామి వేశాడు. అంటే పీత కత్తెర. పక్కనుంచి ఎగిరి రెండు కాళ్లతో ఎదుటివాడి కాళ్లను కత్తెరలా పట్టి వెనక్కి పడేయడం. యమషిత ఎడమ కాలి ఎముక విరిగింది. అప్పటి నిబంధన ప్రకారం గాయంతో ఆగిన ఆ మ్యాచ్‌ను డ్రాగా ప్రకటించారు. 203లో కలిసిపోయిన ఏడు డ్రాలలో ఇదొకటి.

ఎండోను విలన్‌గా చూపించే కథనాలు చాలా వచ్చాయి. అది సబబు కాదు. అప్పటికి ఆ ఎత్తు నిబంధనల్లోనే ఉంది. తనకంటే బలమైనవాణ్ని మామూలు దారిలో పడేయలేనని తెలిసినప్పుడు ఆటగాడు వెతుక్కునే అడ్డదారుల్లో అదొకటి. ఎదుటివాళ్లను అంత తెగింపుకు నెట్టేంత ఎత్తులో యమషిత ఉన్నాడని కూడా ఆ మ్యాచ్ చెబుతుంది. తర్వాతి కాలంలో కని బసామిని పోటీల్లో నిషేధించారు. యమషిత మరుసటేడు ఏప్రిల్‌కల్లా కోలుకుని మళ్లీ ఆల్ జపాన్ గెలిచాడు. మాస్కోలో అతను లేని హెవీవెయిట్ స్వర్ణాన్ని ఫ్రాన్స్‌కు చెందిన ఆంజెలో పరీసి పట్టుకెళ్లాడు. యమషిత మాస్కో వెళ్లి గెలిచింది 1983లో, ప్రపంచ చాంపియన్‌షిప్‌కు.

1984 ఆగస్టు 11, లాస్ ఏంజెలిస్. యమషితకు 27 ఏళ్లు. అది ఓపెన్ విభాగం. ఆ ఒలింపిక్స్ తర్వాత ఓపెన్‌ను తీసేశారు కాబట్టి ఆ రోజు గెలిచినవాడే ఒలింపిక్ చరిత్రలో ఆఖరి ఓపెన్ చాంపియన్. ఈసారి బహిష్కరించింది సోవియట్ కూటమి. మొదటి మ్యాచ్ సెనెగల్ ఆటగాడితో. అర నిమిషం లోపే అయిపోయింది.

రెండో మ్యాచ్ పశ్చిమ జర్మనీకి చెందిన ఆర్థర్ ష్నాబెల్‌తో. యమషిత ఎడమ కాలు ఎదుటివాడి తొడల మధ్యకు పోనిచ్చి పైకెగరేసే ఉచి మత ప్రయత్నించాడు. ఆ క్షణంలో బరువంతా కుడి కాలి మీద పడింది. కుడి పిక్క కండరం చిరిగిపోయింది. తర్వాత ఏం జరిగిందో ఆ వీడియోలో చూడొచ్చు. యమషిత ఇక నిలబడి పోరాడే పని పెట్టుకోలేదు. ష్నాబెల్‌ను నేల మీదకు తెచ్చి, వెనక చేరి, కాలరుతోనే మెడ బిగించాడు. ష్నాబెల్ చాప మీద చెయ్యి తట్టి ఓటమి ఒప్పుకున్నాడు. యమషిత లేచి నడుస్తుంటే కాలు ఈడుస్తున్నాడు. దాచుదామని చూశాడు కానీ హాల్లో అందరికీ తెలిసిపోయింది.

సెమీస్‌లో ఫ్రెంచ్ ఆటగాడు లొరాన్ డెల్ కొలొంబో. మొదలైన అర నిమిషానికే డెల్ కొలొంబో యమషితను కింద పడేశాడు. ఏ ఎత్తుతో? ఓసోటో గారితో. కొలిమి దగ్గర కమ్మరికే వాత పెట్టినట్టు. మ్యాచ్‌ను అక్కడే ముగించే పూర్తి పాయింటైన ఇప్పోన్ కాదు, అప్పట్లో అన్నిటికంటే చిన్న పాయింటైన కోకా. అయినా విదేశీ ఆటగాడి చేతిలో యమషిత కిందపడటం చూసి జపాన్ శిబిరంలో గుండెలు జారిపోయాయి. యమషిత మాత్రం లేచిన వెంటనే మీదకు వెళ్లిపోయాడు. ఎదుటివాణ్ని వెనక్కి నెట్టుకుంటూ పోయి పడేసి, పక్కనుంచి అడ్డంగా పడుకుని అదిమేశాడు. అయిపోయింది.

గాయంతో ఆడిన మూడు మ్యాచ్‌లలో రెండు చూశాం, రెండూ నేల మీదే తేలాయి. నిలబడే కాలు పోయినవాడికి మిగిలిన ఒకే దారి అది. కుర్రవాడిగా ఉన్నప్పుడు సాతో దగ్గర చాప మీద గంటల తరబడి దొర్లింది ఇందుకే అన్నట్టుగా ఉంటుంది. యమషిత ఒలింపిక్ స్వర్ణాన్ని గుండె ధైర్యం కథగా చెప్పడం అలవాటైపోయింది. ధైర్యం ఉంది, కాదనలేం. కానీ ధైర్యం పిక్కను అతికించదు. ఎడమ కాలూ కుడి కాలూ రెండూ పనిచేయకపోయినా గెలవగల ఆట అతని దగ్గర ముందే సిద్ధంగా ఉంది.

ఫైనల్లో ఈజిప్టుకు చెందిన మొహమ్మద్ రష్వాన్. అలెగ్జాండ్రియా కుర్రాడు, యమషిత కంటే భారీ మనిషి. ఆ ఒలింపిక్స్‌లో ఈజిప్టుకు దక్కిన ఒకే ఒక్క పతకం అతనిదే. మ్యాచ్ ఒక నిమిషం దాటీ దాటకముందే ముగిసింది. రష్వాన్ దాడికి దిగాడు, యమషిత దాన్ని తప్పించి, కిందపడ్డవాణ్ని యోకో షిహో గటామేతో, అంటే పక్కనుంచి నాలుగు మూలలా బంధించే పట్టుతో అదిమాడు. అప్పట్లో 30 సెకన్లు కదలకుండా అదిమి ఉంచితే ఇప్పోన్. గంట మోగాక యమషిత ముఖం చేతుల్లో పెట్టుకుని ఏడ్చాడు. పతకాల వేదిక ఎక్కేటప్పుడు కుంటుతున్న అతనికి రష్వాన్ చెయ్యందించాడు. ఆ ఫొటో చూడని జూడో విద్యార్థి జపాన్‌లో ఉండడేమో.

ఆ తర్వాత పుట్టిన కథ ఏమిటంటే, రష్వాన్ కావాలనే యమషిత గాయపడ్డ కాలి జోలికి పోలేదని. రష్వాన్‌కు అంతర్జాతీయ ఫెయిర్ ప్లే అవార్డు వచ్చింది, జపాన్‌లో అతను ఇంటి మనిషైపోయాడు. కథ బాగుంది. నిజంగా అంత నున్నగా జరిగిందా అన్నది జపాన్‌లోనే చాలాసార్లు చర్చకు వచ్చింది. వీడియోలో రష్వాన్ ఊరికే నిలబడి లేడు, గెలవాలనే వచ్చాడు, దాడి చేశాడు. బహుశా మెచ్చుకోవాల్సింది కూడా దాన్నే. దెబ్బతిన్నవాణ్ని చూసి జాలిపడి ఆట వదిలేసి ఉంటే అది యమషితకు అవమానం. దెబ్బతిన్న చోటే పొడవడానికి చూసి ఉంటే అది ఇంకో రకం. రష్వాన్ ఈ రెండూ చేయకుండా మామూలుగా ఆడి ఓడాడు. మామూలుగా ఆడటం ఆ సమయంలో ఎంత కష్టమో ఫైనల్ ఆడినవాళ్లకే తెలియాలి.

అదే ఒలింపిక్స్‌లో 95 కిలోల పైబడిన విభాగంలో స్వర్ణం గెలిచింది సైతో. ఫైనల్లో అతను ఓడించింది పరీసినే, మాస్కోలో యమషిత లేనప్పుడు గెలిచిన పరీసిని. యమషితకు అదే ఏడు జాతీయ గౌరవ పురస్కారం వచ్చింది. 1985 ఏప్రిల్ 29న ఇద్దరూ మళ్లీ ఆల్ జపాన్ ఫైనల్లో ఎదురుపడ్డారు. 1983, 1984 ఫైనల్స్‌లో సైతోనే ఓడాడు. ఇది మూడోసారి. యమషితకు వయసు మీద పడింది, శరీరం గాయాల పుట్ట. మ్యాచ్ మధ్యలో యమషిత వేసిన ఎత్తు బెడిసికొట్టింది, ఇద్దరూ కిందపడ్డారు, సైతో పైన ఉన్నాడు. పాయింట్ ఇవ్వలేదు. అది ఇవ్వాల్సిందే అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. చివరికొచ్చేసరికి సైతో కాస్త వెనక్కి తగ్గాడు, యమషిత ముందుకే వస్తూ పోయాడు. తీర్పు న్యాయనిర్ణేతల చేతుల్లోకి వెళ్లింది. యమషితే గెలిచాడు. తొమ్మిదో టైటిల్. జూన్‌లో రిటైర్మెంట్ ప్రకటించాడు, 28 ఏళ్లకే. ఫుజి గురించిన సైతో మాట ఈ ఓటమి చుట్టూ పుట్టిందే.

సైతోకు ఎక్కువ టెన్షన్ ఏమై ఉంటుంది? ఓడిపోవడం కాకపోవచ్చు. తనను ఓడించేవాడు తప్పుకున్నాక వచ్చే గెలుపుకు విలువెంత అన్న అనుమానం అంతకంటే పెద్దది. 1988లో సైతో ఎట్టకేలకు ఆల్ జపాన్ గెలిచాడు. కానీ ఆ కొండ మీద అప్పటికి యమషిత లేడు. ఆ ఏడు సియోల్ ఒలింపిక్స్‌లో జపాన్ జూడో జట్టు ఒక్కొక్కరుగా ఓడిపోతూ వచ్చింది. ఆఖరి రోజున సైతో తెచ్చిన స్వర్ణమే జట్టు మొత్తానికి ఏకైక స్వర్ణం. యమషిత మీద ఒక్కసారి కూడా గెలవని మనిషి జపాన్ పరువు కాపాడాడు.

యమషిత 1992లో జాతీయ పురుషుల జట్టుకు హెడ్ కోచ్ అయ్యాడు, 2000 సిడ్నీ ఒలింపిక్స్ దాకా కొనసాగాడు. తోకైలో అతని దగ్గర పెరిగిన కోసే ఇనోయువె సిడ్నీలో 100 కిలోల విభాగంలో స్వర్ణం గెలిచి, చనిపోయిన తల్లి ఫొటోతో వేదిక ఎక్కాడు. కానీ ఆ ఒలింపిక్స్‌లో యమషితకు గుర్తుండిపోయే మ్యాచ్ అది కాకపోవచ్చు. హెవీవెయిట్ ఫైనల్లో షినిచి షినోహరా, ఫ్రాన్స్‌కు చెందిన డేవిడ్ డుయ్యే ఎత్తును గాల్లోనే తప్పించి అతన్నే తిప్పి పడేశాడు. ఇప్పోన్ అనుకుని చేతులు పైకెత్తాడు. పాయింట్ డుయ్యేకు ఇచ్చారు. యమషిత చాప దగ్గరకు దూసుకెళ్లి వాదించాడు, లాభం లేకపోయింది. జపాన్ అంతా భగ్గుమంటుంటే షినోహరా మాత్రం తాను బలహీనుణ్ని కాబట్టి ఓడానని, అంతేనని చెప్పాడు. ఎనిమిదేళ్లు ఓటమి ఎరగని కోచ్ వాదిస్తుంటే, అన్యాయంగా ఓడిన శిష్యుడు తల వంచుకున్నాడు. జూడో ఏం నేర్పాలి అన్న ప్రశ్నకు ఆ పూట గురువు కంటే శిష్యుడి దగ్గరే మంచి జవాబుందని కూడా అనుకోవచ్చు.

ఆ ప్రశ్న తర్వాత ఇంకా కటువుగా ముందుకొచ్చింది. 2013 మొదట్లో, 15 మంది మహిళా జూడో క్రీడాకారిణులు తమ హెడ్ కోచ్ కొడుతున్నాడనీ అవమానిస్తున్నాడనీ ఫిర్యాదు చేసిన సంగతి బయటపడింది. కోచ్ రాజీనామా చేశాడు. నిధుల వాడకంలోనూ అవకతవకలు తేలాయి. ఆ ఏడే ఆల్ జపాన్ జూడో ఫెడరేషన్ అధ్యక్షుడు తప్పుకోవాల్సి వచ్చింది. ఆ అధ్యక్షుడు మరెవరో కాదు, మాంట్రియల్ ఓపెన్ విజేత ఉఎమురా. ఇల్లు చక్కదిద్దే కొత్త బృందంలోకి ఉపాధ్యక్షుడిగా వచ్చాడు యమషిత. 2017లో అధ్యక్షుడయ్యాడు.

దీనికంటే బాధాకరమైన లెక్క ఇంకొకటుంది. 1983 తర్వాత మూడు దశాబ్దాల్లో జపాన్ స్కూళ్లలో జూడో చేస్తూ చనిపోయిన పిల్లల సంఖ్య వంద దాటింది. ఎక్కువ మంది తలకు దెబ్బ తగిలి పోయారు. పడటం సరిగా నేర్చుకోని కొత్త పిల్లలను వెనక్కి పడేసినప్పుడు తల నేలకు కొట్టుకుంటుంది. ఆ ప్రమాదాల్లో ఎక్కువగా వినిపించే ఎత్తు పేరు ఓసోటో గారి. యమషిత చేతిలో అందంగా కనిపించిందే, చేయకూడని చోట చేయకూడనివాళ్లు చేస్తే ప్రాణం తీసింది. 2012లో మిడిల్ స్కూళ్లలో యుద్ధకళలు తప్పనిసరి పాఠమైనప్పుడు తల్లిదండ్రుల్లో ఆందోళన పుట్టడానికి కారణం ఇదే. ఫ్రాన్స్‌లో జపాన్ కంటే ఎక్కువ మంది జూడో నేర్చుకుంటారు. మరి అక్కడ ఈ సమస్య ఈ స్థాయిలో ఎందుకు లేదన్న ప్రశ్న జపాన్ జూడో పెద్దలను సిగ్గుపడేలా చేసింది.

ఈ నేపథ్యంలోంచి చూస్తేనే 2022 మార్చిలో యమషిత అధ్యక్షతన ఫెడరేషన్ తీసుకున్న నిర్ణయం అర్థమవుతుంది. ప్రాథమిక పాఠశాల పిల్లలకు జాతీయ స్థాయిలో జరిగే వ్యక్తిగత పోటీని ఎత్తేశారు. పదేళ్ల పిల్లలు బరువు తగ్గించుకోవడానికి కడుపు మాడ్చుకుంటున్నారు, గెలుపు పిచ్చి పట్టిన తల్లిదండ్రులూ కోచ్‌లూ పిల్లల మీదా రెఫరీల మీదా అరుస్తున్నారు అన్నది ఫెడరేషన్ వాదన. పిల్లలు పోటీ పడకుండా ఎలా ఎదుగుతారని చాలామంది విసుక్కున్నారు. పోటీ వద్దన్న మాట ఇంకెవరైనా అని ఉంటే పక్కన పెట్టేసేవాళ్లే. చిన్నప్పటి నుంచీ గెలుపు తప్ప వేరే పని ఎరగని మనిషి, గెలుపును కాస్త వెనక్కి జరపండి అంటే మాత్రం వినక తప్పలేదు. యమషిత వారసత్వంలో 203 కంటే ఈ నిర్ణయమే ఎక్కువ కాలం నిలుస్తుందని గట్టిగా వాదించవచ్చు.

అలాగని పాలకుడిగా యమషిత మచ్చలేనివాడేం కాదు. 2019లో జపాన్ ఒలింపిక్ కమిటీ అధ్యక్షుడయ్యాడు. 39 ఏళ్ల కిందట తనను మాస్కో పంపనని తీర్మానించిన అదే కమిటీకి. రాగానే చేసిన పనుల్లో ఒకటి, అప్పటిదాకా పత్రికలవాళ్లు కూర్చోగలిగిన బోర్డు సమావేశాల తలుపులు మూయించడం. విమర్శలు గట్టిగానే వచ్చాయి. టోక్యో ఒలింపిక్స్ ఏడాది వాయిదా పడిన రోజుల్లో కూడా నిర్ణయాలు ఇంకెక్కడో జరుగుతుంటే యమషిత గొంతు వినపడలేదన్న మాట ఉంది. చాప మీద చొరవ వదలని మనిషి కుర్చీలో కూర్చున్నాక ఎందుకు అంత సర్దుకుపోయాడన్నది ఆసక్తికరమైన ప్రశ్నే. జూడో నేర్చిన రష్యా అధ్యక్షుడు పుతిన్‌తో ఏళ్ల తరబడి స్నేహం నడిపిన యమషిత, 2022లో యుక్రెయిన్ మీద దాడి మొదలయ్యాక మాత్రం అది జూడో ఆశయానికి పూర్తిగా విరుద్ధమని బహిరంగంగా ప్రకటించాడు. 2023 చివర్లో ప్రమాదంలో మెడకు తీవ్రమైన గాయమై ప్రజాజీవితానికి దూరమయ్యాడు.

203 రికార్డును ఇంకెవరైనా దాటుతారా? దగ్గరగా వచ్చినవాడు ఫ్రాన్స్‌కు చెందిన టెడ్డీ రినేర్. 2010 నుంచి 2020 దాకా వరసగా 154 గెలిచాక, పారిస్‌లో సొంత జనం ముందే జపాన్ ఆటగాడు కొకోరో కగేఉరా చేతిలో ఓడాడు. రినేర్ ఏడాదికి ఆడే పోటీలు తక్కువ, ఏరి ఆడతాడు. యమషిత కాలంలో విద్యార్థి పోటీలు, జట్టు పోటీలు, బరువుల్లేని పోటీలు అన్నీ ఆడాల్సిందే. ఇద్దరిలో ఎవరు గొప్ప అని పోల్చడం టీ కొట్టు దగ్గర కాలక్షేపానికి బాగుంటుంది తప్ప, రెండు అంకెలూ ఒకే తక్కెడలో తూగవు.

సైతో 2015 జనవరిలో 54 ఏళ్లకే చనిపోయాడు. యమషిత తర్వాత జాతీయ జట్టు హెడ్ కోచ్ పదవిలోకి వచ్చింది కూడా అతనే. ఏథెన్స్, బీజింగ్ ఒలింపిక్స్‌కు జట్టును నడిపాడు. అతని రెండో కొడుకు తత్సురు కూడా హెవీవెయిటే. పిల్లల పోటీని ఫెడరేషన్ ఎత్తేసిన మరుసటి నెల, 2022 ఏప్రిల్ 29న, ఇరవై ఏళ్ల తత్సురు ఆల్ జపాన్ చాంపియన్ అయ్యాడు. ఆ పోటీ చరిత్రలో తండ్రీకొడుకులిద్దరూ గెలవడం అదే మొదటిసారి. అప్పుడు ఫెడరేషన్ అధ్యక్షుడు యమషిత.